నలుగురు కలిసి పెట్టిన చాకీ కేంద్రం చట్టం ముందు ఎవరిది?



ఈ వారం ఆకు గురించి కాదు, రోగాల గురించి కాదు, గూళ్ల రేటు గురించి కూడా కాదు. మాకు వచ్చిన ఒక వాయిస్ మెసేజ్‌తో మొదలుపెడతాం.

చింతామణి వైపు నుంచి ఒక అక్క పంపింది. ఆమె భర్త, ఇంకో ముగ్గురు స్నేహితులు కలిసి ఐదేళ్ల కింద చాకీ కేంద్రం పెట్టినారు. తలా మూడు లక్షలు వేసుకున్నారు. షెడ్డు ఒకాయన జాగాలో కట్టినారు. బ్యాంకు అప్పు ఇంకొకాయన పేరు మీద తీసుకున్నారు. లెక్కలన్నీ ఒక నోటుబుక్కులో. ఐదేళ్లు బాగానే నడిచింది. కిందటి ఏడు ఆమె భర్త గుండెపోటుతో పోయినాడు. కర్మకాండలన్నీ అయినాక ఆమె పోయి అడిగితే, "అక్కా, నీ వాటా ఇంత అని మేమెట్ల చెప్పేది? కాగితం ఏదీ లేదు కదా. పైగా అప్పు ఇంకా ఉంది" అన్నారంట.

"వాళ్లు చెడ్డోళ్లు కాదన్నా. వాళ్లకీ తెలీదు. నాకు రావాల్సింది ఏమన్నా ఉందా, లేక నేనే కట్టాల్సింది ఉందా, ఆ ఒక్కటి చెప్పండి" అని ఆమె అడిగింది.

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికి మాకు రెండు వారాలు పట్టింది. వకీలును, ఆడిటరును అడిగి తెలుసుకున్నాం. తెలుసుకునేటప్పుడు ఒక సంగతి మాకే తట్టింది. మన వాళ్లు చాలామంది కలిసే పని చేస్తారు. చాకీ కేంద్రం కలిసి, గూళ్లు మార్కెట్టుకు తీసుకుపోయే బండి కలిసి, రీలింగ్ యూనిట్ కలిసి. కానీ ఆ కలయికకు చట్టంలో ఏం పేరు ఉందో మనలో ఎక్కువ మందికి తెలీదు. కష్టం వచ్చిన రోజే తెలుస్తుంది. అందుకే ఈ వారం ఇది.

కాగితం లేకపోయినా పార్ట్‌నర్‌షిప్పే

ముందు ఈ మాట గట్టిగా పట్టుకోండి. ఇద్దరు లేక అంతకంటే ఎక్కువ మంది కలిసి వ్యాపారం చేసి, లాభం పంచుకుందామని ఒప్పుకుంటే అది పార్ట్‌నర్‌షిప్. ఒప్పందం నోటి మాటగా ఉన్నా సరే. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం చెప్పేది ఇదే. "మేమేమీ రిజిస్టర్ చేయించలేదు, కాబట్టి మాది ఏమీ కాదు" అనుకోవడం తప్పు. మీరు ఏదీ ఎంచుకోకపోతే చట్టమే మీకు ఒకటి ఎంచి పెడుతుంది. అది అన్నిటికంటే ప్రమాదం ఎక్కువ ఉన్నది.

ఎందుకు ప్రమాదం? పార్ట్‌నర్‌షిప్‌లో వ్యాపారం వేరు, మనిషి వేరు అని చట్టం చూడదు. ఫర్మ్ అప్పు ప్రతి పార్ట్‌నర్ అప్పు. అదీ ఆయన వాటా మేరకే కాదు, మొత్తం.

ఒక లెక్క చూద్దాం. నలుగురు కలిసి ఫర్మ్‌కు పది లక్షల అప్పు తెచ్చినారు. రెండు బ్యాచులు పాలరోగంతో పోయినాయి. చాకీ తీసుకున్న రైతులు దుడ్డు వాపసు అడిగినారు. చివరికి ఎనిమిది లక్షల అప్పు మిగిలింది. నలుగురిలో ఇద్దరి దగ్గర ఏమీ లేదు, ఒకాయన ఊరు విడిచి పోయినాడు. నాలుగో ఆయనకు రెండెకరాల మలబరి తోట ఉంది. అప్పు ఇచ్చినోళ్లు ఆ ఒక్కడి మీదే మొత్తం ఎనిమిది లక్షలకు దావా వేయొచ్చు. "నా వాటా రెండు లక్షలే కదా" అనే మాట వాళ్ల ముందు చెల్లదు. ఎనిమిదీ కట్టి, తరువాత మిగతా ముగ్గురి వెంట ఆయనే తిరగాల.

ఒప్పందంలో ఏమీ రాసుకోకపోతే చట్టం ఇంకో సంగతి కూడా అనుకుంటుంది: లాభం, నష్టం అందరికీ సమానం. ఒకాయన ఐదు లక్షలు వేసి, ఇంకొకాయన లక్ష వేసినా సమానమే. షెడ్డులో రాత్రీ పగలూ ఉండి తడి, వేడి చూసుకున్నోడికి విడిగా కూలి కూడా రాదు, ముందే ఒప్పుకుని ఉంటే తప్ప.

రిజిస్టర్ చేయకపోతే ఇంకో చిక్కు. రిజిస్టర్ కాని ఫర్మ్ బయటివాళ్ల మీద ఒప్పందం ప్రకారం రావలసిన దుడ్డు కోసం కోర్టులో దావా వేయలేదు. మీ దగ్గర చాకీ తీసుకున్న రైతు లక్ష రూపాయలు ఎగ్గొడితే మీరు దావా వేయలేరు. ఆయన మాత్రం మీ మీద వేయొచ్చు.

ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంటే చాలదా?

ఇది మాకు తరచుగా వచ్చే ప్రశ్న. ఉద్యమ్ అనేది చిన్న పరిశ్రమ అని గుర్తింపు. అది ఎవరి సొత్తు, ఎంత వాటా అనేది చెప్పదు. జీఎస్టీ నంబరూ అంతే. చాకీ కేంద్రానికి సెంట్రల్ సిల్క్ బోర్డు విత్తన నియమాల కింద చేయించే రిజిస్ట్రేషన్ కూడా పురుగుల నాణ్యత కోసమే, మీ నలుగురి మధ్య లెక్క కోసం కాదు. ఇవన్నీ కావాల, కానీ ఇవి సొంతదారీ పత్రాలు కావు. ఇంకా చూస్తే, ఈ కాగితాలన్నీ ఒక్కరి పేరు మీద ఉంటే, రేపు గొడవ వచ్చినప్పుడు వ్యాపారం అంతా ఆ ఒక్కరిదే అని వాదించడానికి అవే సాక్ష్యం అవుతాయి.

అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

వ్యాపారం ఎన్ని రకాలుగా నడపొచ్చో చెప్పే ముందు, ఏ రకాన్నైనా ఈ నాలుగు ప్రశ్నలతో కొలవండి. పేరు ఎంత పెద్దగా ఉంది అనేది ముఖ్యం కాదు.

ఒకటి, నష్టం వస్తే నా ఇంటిదాకా, తోటదాకా వస్తుందా?
రెండు, నిర్ణయం ఎవరిది? ఎక్కువ దుడ్డు వేసినోడిదా, మనిషికి ఒక ఓటా?
మూడు, నేను బయటికి పోవాలంటే ఎట్ల?
నాలుగు, నేను పోయినాక నా ఇంటివాళ్లకు ఏమవుతుంది?

ఇప్పుడు ఒక్కొక్కటే చూద్దాం.

సొంత వ్యాపారం

ఒక్కరే యజమాని. మనలో గూళ్లు పండించే వాళ్లు దాదాపు అందరూ ఇదే. పెట్టడం సులభం, మూసేయడం సులభం, లెక్క చెప్పాల్సింది ఎవరికీ లేదు. నిర్ణయం మీదే, లాభం మీదే. అప్పు కూడా పూర్తిగా మీదే, ఇల్లూ తోటతో సహా. యజమాని పోతే వ్యాపారం వారసులకు ఆస్తిగా పోతుంది, కానీ లైసెన్సులు, ఖాతాలు అన్నీ మళ్లీ కొత్త పేరు మీద చేయించుకోవాల. ఒక షెడ్డు, మూడు నాలుగు వందల గుడ్లు మేపే ఇంటికి ఇంతకంటే పెద్దది అవసరం లేదు.

అన్నదమ్ములు ఉమ్మడిగా తాతల నాటి జాగాలో చేస్తుంటే అది ఉమ్మడి కుటుంబ వ్యాపారం. అది పార్ట్‌నర్‌షిప్ కాదు, దాని లెక్క వేరు. బావమరిది వచ్చి దుడ్డు వేసి వాటా అడిగితే మాత్రం ఆయనతో మీది పార్ట్‌నర్‌షిప్ అవుతుంది.

రాసుకున్న, రిజిస్టర్ చేసిన పార్ట్‌నర్‌షిప్

ఇద్దరి నుంచి యాభై మంది దాకా ఉండొచ్చు. స్టాంపు పేపరు మీద ఒప్పందం రాసుకుని రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించాల. ఖర్చు తక్కువే. స్టాంపు ఖర్చు రాష్ట్రం రాష్ట్రానికి మారుతుంది. దావా వేసే హక్కు వస్తుంది, వాటాలు తేలుతాయి. కానీ మొదటి ప్రశ్నకు జవాబు మారదు. నష్టం ఇంటిదాకా వస్తుంది.

బయటికి పోయేటప్పుడు జాగ్రత్త. "నేను తప్పుకుంటున్నా" అని మిగతా ముగ్గురికీ చెబితే చాలదు. బహిరంగ ప్రకటన ఇవ్వాల. అంటే గెజిట్‌లో, ఆ జిల్లాలో నడిచే స్థానిక భాష పత్రికలో వేయించాల. ఫర్మ్ రిజిస్టర్ అయి ఉంటే రిజిస్ట్రార్‌కూ తెలపాల. అది చేయకపోతే, మీరు పోయినాక వాళ్లు చేసిన అప్పుకు కూడా మిమ్మల్ని పట్టుకోవచ్చు.

ఒక పార్ట్‌నర్ చనిపోతే, ఒప్పందంలో వేరే రాసుకోకపోతే ఫర్మ్ ఆ రోజుతో రద్దయినట్టే. "ఒకరు పోయినా మిగతావాళ్లు నడపొచ్చు, పోయినోళ్ల వాటాకు ఫలానా లెక్క కట్టి వారసులకు ఇన్ని నెలల్లో ఇవ్వాల" అనే ఒక్క వాక్యం ఒప్పందంలో ఉంటే చాలు, ఎన్నో ఇళ్లు నిలబడతాయి.

ఎల్‌ఎల్‌పీ

పరిమిత బాధ్యత భాగస్వామ్యం అంటారు. 2008 చట్టంతో వచ్చింది. నడిపేది పార్ట్‌నర్‌షిప్ మాదిరే, ఒప్పందం ప్రకారమే. తేడా ఏమంటే ఇది చట్టం ముందు వేరే మనిషి లెక్క. దాని పేరు మీదే ఖాతా, ఆస్తి, అప్పు. ఒక పార్ట్‌నర్ పోయినా అది పోదు. మామూలుగా నష్టం మీరు వేసిన దుడ్డు మేరకే. కనీసం ఇద్దరు కావాల. ప్రతి ఏడూ రెండు ఫారాలు వేయాల. టర్నోవరు నలభై లక్షలు దాటితే, లేక పెట్టుబడి ఇరవై ఐదు లక్షలు దాటితే ఆడిట్ కూడా తప్పనిసరి.

ఐదారు మంది కలిసి రీలింగ్ యూనిట్ పెట్టాలంటే ఇది ఆలోచించదగ్గది.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ

2013 కంపెనీల చట్టం కింద నడుస్తుంది. ఇద్దరి నుంచి రెండు వందల మంది దాకా వాటాదారులు ఉండొచ్చు. ఒక్కరే ఉంటే వన్ పర్సన్ కంపెనీ అని ఇంకోటి ఉంది. కంపెనీలో సొంతదారులు వేరు, నడిపేవాళ్లు వేరు. వాటాలు కొన్నోళ్లు సొంతదారులు, వాళ్లు ఎన్నుకున్న డైరెక్టర్లు నడుపుతారు. కంపెనీ సొత్తు కంపెనీదే, ఏ ఒక్క వాటాదారుదీ కాదు. వాటాదారు చనిపోతే ఆ వాటాలు వారసులకు పోతాయి, కంపెనీ నడుస్తూనే ఉంటుంది.

ఇక్కడ ఓటు సాధారణంగా వాటాల లెక్కన. ఎవరి దగ్గర ఎక్కువ వాటాలు ఉంటే వాళ్ల మాట చెల్లుతుంది. బయటి నుంచి పెట్టుబడి తేవాలంటే ఇది మంచిది. ఊరి రైతులందరికీ సమానంగా మాట ఉండాలంటే ఇది కుదరదు.

పరిమిత బాధ్యత గురించి ఒక నిజం

ఎల్‌ఎల్‌పీ, కంపెనీ పెడితే ఇల్లు భద్రం అని ఆడిటర్లు చెబుతారు. అది నిజమే, కానీ సగం. కొత్త చిన్న కంపెనీకి బ్యాంకు అప్పు ఇచ్చేటప్పుడు డైరెక్టర్ల సొంత గ్యారంటీ అడగడం మామూలు. ఆ కాగితం మీద సంతకం పెడితే ఆ అప్పు వరకు మీ ఇల్లు, తోట మళ్లీ బయటికి వచ్చినట్టే. రైతుల బాకీలు, సరుకు బాకీలు, కరెంటు బిల్లుల వంటివి మాత్రం కంపెనీ దగ్గరే ఆగుతాయి. సంతకం పెట్టే ముందు చదవండి. చదివించుకోండి.

సహకార సంఘం

దీన్ని మీకు మేము నేర్పాల్సిన పని లేదు. పొద్దున్నే పాలు పోసే ఊరి డైరీ సహకార సంఘమే. దుడ్డు ఎంత వేసినా మనిషికి ఒకే ఓటు. సభ్యులే కమిటీని ఎన్నుకుంటారు. ఊరి సంఘాలు కలిసి యూనియన్, యూనియన్లు కలిసి రాష్ట్ర సమాఖ్య.

సహకార చట్టం రాష్ట్రానిది. కర్ణాటకలో 1959 చట్టం ఉంది, ప్రభుత్వ జోక్యం తక్కువగా ఉండే సౌహార్ద చట్టం 1997లో వచ్చింది. తమిళనాడుకు 1983 చట్టం, మహారాష్ట్రకు 1960 చట్టం, ఒడిశాకు 1962 చట్టం. కాబట్టి హోసూరు వైపు స్నేహితుడు చెప్పిన రూలు కోలారులో చెల్లుతుందని అనుకోవద్దు.

మంచి ఏమంటే, ప్రభుత్వ పథకాలు, సహాయం సంఘం ద్వారా రావడం సులభం. నష్టం సభ్యుల ఇంటిదాకా మామూలుగా రాదు. ఇబ్బంది ఏమంటే, శాఖ అజమాయిషీ ఎక్కువ. ఎన్నికల్లో ఊరి రాజకీయం దూరుతుంది. ప్రభుత్వం కమిటీని పక్కనపెట్టి అధికారిని కూర్చోబెట్టిన సందర్భాలు మన అందరికీ తెలుసు.

ప్రొడ్యూసర్ కంపెనీ

సహకార సంఘం మనసు, కంపెనీ ఒళ్లు. వై.కె. అలఘ్ అధ్యక్షతన పని చేసిన కమిటీ సలహా మీద ఈ రకాన్ని 2002లో కంపెనీల చట్టంలో చేర్చినారు. ఇప్పుడు ఇది 2013 చట్టంలోనే ఒక భాగం. కనీసం పది మంది రైతులు, అంటే నిజంగా పండించేవాళ్లు కావాల. పై హద్దు లేదు. డైరెక్టర్లు ఐదు నుంచి పదిహేను మంది. పూర్తి కాలం పని చేసే ముఖ్య కార్యనిర్వహణాధికారి ఒకరు ఉండి తీరాల. పేరు చివర 'ప్రొడ్యూసర్ కంపెనీ లిమిటెడ్' అని ఉంటుంది.

రైతులే సభ్యులైతే ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకే ఓటు. వాటాలను బయటి షావుకారుకు అమ్ముకోవడానికి లేదు. బోర్డు ఒప్పుకుంటే ఇంకో సభ్యుడికే బదిలీ చేయాల. లాభం పంచేటప్పుడు వాటా దుడ్డుకు ఇచ్చేది పరిమితమే. మిగిలింది ఎవరు ఎంత సరుకు ఇచ్చినారో, ఎంత వ్యాపారం చేసినారో ఆ లెక్కన బోనస్‌గా వస్తుంది. అంటే దుడ్డు వేసి ఇంట్లో కూర్చున్నోడి కంటే, గూళ్లు తెచ్చినోడికే ఎక్కువ. ఇది రైతు బుద్ధికి తగ్గ లెక్క.

నాలుగో ప్రశ్నకు దీంట్లో చట్టమే జవాబు చెప్తుంది. సభ్యుడైన మూడు నెలల్లో నామినీ పేరు ఇవ్వాల. సభ్యుడు చనిపోతే వాటాలు నామినీకి పోతాయి. నామినీ కూడా రైతే అయితే ఆమె లేక ఆయన సభ్యులవుతారు. రైతు కాకపోతే వాటాలు కంపెనీకి అప్పగించి వాటి విలువ తీసుకోవచ్చు. అందుకే అక్కల్లారా, పురుగులు మేపేది మీరే అయినప్పుడు పాసుబుక్కులో పేరు ఎవరిదున్నా, సభ్యత్వం మీ పేరు మీద కూడా అడగండి.

కేంద్రం 2020లో పది వేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకం మొదలుపెట్టింది. దాంట్లో మైదాన ప్రాంతంలో కనీసం మూడు వందల మంది సభ్యులు ఉండాల. మూడేళ్లలో పద్దెనిమిది లక్షల దాకా నడిపే ఖర్చుకు సహాయం, సభ్యుడికి రెండు వేల దాకా జత వాటాధనం, సంస్థకు పదిహేను లక్షలు మించకుండా. కొత్త సంస్థలను ఇప్పుడు చేర్చుకుంటున్నారా అనేది మీ జిల్లా నాబార్డు అధికారిని అడిగి తెలుసుకున్నాకే అడుగు వేయండి.

కష్టాలూ చెప్తాం. సర్వసభ్య సమావేశానికి నాలుగో వంతు సభ్యులు రావాల. మూడు వందల మందిలో డెబ్బై ఐదు మంది. పురుగులు నాలుగో జ్వరం లేచి ఆకు మీద పడిన రోజు సమావేశం పెడితే ఎవరొస్తారు? తేదీ పంటను చూసి పెట్టుకోవాల. ప్రతి ఏడూ కంపెనీల రిజిస్ట్రార్‌కు లెక్కలు, రిటర్నులు వేయాల. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు వంద రూపాయల లెక్కన అదనపు రుసుము. ఒక ఏడాది మరిచిపోతే ఒక్క ఫారానికే ముప్పై ఆరు వేల ఐదు వందలు. మూడేళ్లు వరుసగా వేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్లు ఏ కంపెనీలోనూ కొత్తగా డైరెక్టరు కాలేరు. సబ్సిడీ వస్తుందని సంతకం పెట్టి, తరువాత ఆడిటరుకు ఫీజు ఇవ్వలేక వదిలేసిన కంపెనీలు మన చుట్టుపక్కలే ఉన్నాయి. సబ్సిడీ కోసం కంపెనీ పెట్టొద్దు. వ్యాపారం ఉంటేనే పెట్టండి.

స్వసహాయ సంఘం

పది నుంచి ఇరవై మంది ఆడవాళ్ల పొదుపు సంఘాలు మనకు బాగా తెలుసు. 1992లో నాబార్డు వీటిని బ్యాంకులతో జోడించడం మొదలుపెట్టింది. పొదుపుకు, చిన్న అప్పుకు ఇంత మంచిది లేదు. కానీ వీటిలో ఎక్కువ భాగం రిజిస్టర్ కానివి. సంఘం పేరు మీద లక్షల షెడ్డు, యంత్రం కొనాలంటే మాత్రం ముందు ఆ సంఘాలు కలిసి ఒక సహకార సంఘమో, ప్రొడ్యూసర్ కంపెనీయో పెట్టుకోవడం మేలు.

మనం రోజూ చూసే సంస్థలు ఏ రకం?

ఈ రకాలు పుస్తకంలో ఉన్నవి కావు, మన చుట్టూ ఉన్నవే. బెంగళూరులోని సెంట్రల్ సిల్క్ బోర్డు కంపెనీ కాదు, 1948లో పార్లమెంటు చేసిన చట్టంతో పుట్టిన సంస్థ. దానికి వాటాదారులు ఉండరు. మైసూరు సిల్కు చీర తయారుచేసే కర్ణాటక సిల్క్ ఇండస్ట్రీస్ కార్పొరేషన్ ప్రభుత్వ కంపెనీ. మైసూరు మహారాజుల కాలంలో 1912లో మొదలైన ఫ్యాక్టరీ, 1980లో ఈ కార్పొరేషన్ చేతికి వచ్చింది. తమిళనాడులో టాన్‌సిల్క్ పట్టు ఉత్పత్తిదారుల సహకార సమాఖ్య. ఒడిశాలో సెరిఫెడ్ టసర్, పట్టు సహకార సమాఖ్య. పేరులో కార్పొరేషన్, బోర్డు, ఫెడరేషన్ అని ఉన్నది చూసి అన్నీ ఒకటే అనుకోవద్దు. సొంతదారు ఎవరు, లాభం ఎవరికి, తప్పు జరిగితే అడగాల్సింది ఎవరిని అనేది ఒక్కో దాంట్లో ఒక్కో మాదిరి.

మరి మనకు ఏది?

మా అభిప్రాయం ఇది. మీ ఊరి లెక్క మీకే తెలుసు.

ఒక్క ఇంటి మేపు అయితే సొంత వ్యాపారం చాలు.
ఇద్దరు ముగ్గురు, నమ్మకం గట్టిది, అప్పు తక్కువ అయితే రాసుకుని రిజిస్టర్ చేసిన పార్ట్‌నర్‌షిప్.
ఐదారు మంది, యంత్రాలు, పెద్ద అప్పు, పది మందితో లావాదేవీ అయితే ఎల్‌ఎల్‌పీ లేక ప్రైవేట్ కంపెనీ.
వంద మంది, మూడు వందల మంది రైతులు కలిసి గుడ్లు, చాకీ, మందులు తెచ్చుకుని గూళ్లు కలిసి అమ్మాలంటే సహకార సంఘం లేక ప్రొడ్యూసర్ కంపెనీ.

ఏది పెట్టినా ఇవి రాసుకోండి. ఎవరు ఎంత వేసినారు. జాగా ఎవరిది, షెడ్డుకు బాడిగ ఉందా. రోజూ పని చేసేవాళ్లకు ఎంత. ఖాతాలో ఇద్దరి సంతకం ఉండాలా. ఎంత దాటితే అందరూ ఒప్పుకోవాల. బ్యాచు పోతే నష్టం ఎట్ల పంచుకోవాల. బయటికి పోయేవాళ్ల వాటా ఎట్ల కట్టాల. చనిపోతే వారసులకు ఎన్ని నెలల్లో ఇవ్వాల. గొడవ వస్తే ముందు ఎవరి దగ్గర కూర్చోవాల. రెండు పేజీలు చాలు. సంతకాలు ఇంటి ఆడవాళ్ల ముందు పెట్టండి, ఒక జిరాక్సు వాళ్ల చేతికి ఇవ్వండి.

చింతామణి అక్కకు మేము చెప్పింది

అక్కా, కాగితం లేకపోయినా మీ ఆయన పార్ట్‌నరే. నోటుబుక్కు, ఆయన ఖాతా నుంచి పోయిన దుడ్డు, లాభం పంచుకున్నప్పటి ఫోన్ మెసేజులు, చాకీ తీసుకున్న రైతుల మాట, ఇవన్నీ సాక్ష్యాలే. అన్నీ ఫొటో తీసి పెట్టుకో.

ఆయన పోయిన రోజుతో ఆ ఫర్మ్ రద్దయినట్టు. ఆ రోజు నాటికి షెడ్డు, సామాను, రావాల్సిన బాకీలు ఒక పక్క, అప్పు ఇంకో పక్క పెట్టి లెక్క తేల్చాల. మిగిలితే దాంట్లో నీకు వాటా ఉంది. లెక్క తేల్చకుండా వాళ్లు ఆ సొత్తుతోనే ఇంకా నడుపుతుంటే, ఆయన వాటా వల్ల వచ్చిన లాభమో, లేక ఆ వాటా మీద ఏడాదికి నూటికి ఆరు లెక్కన వడ్డీయో, ఏది కావాలో ఎంచుకునే హక్కు చట్టం నీకు ఇచ్చింది.

అప్పు సంగతి. ఆయన బతికి ఉన్నప్పటి ఫర్మ్ అప్పుకు ఆయన ఆస్తి బాధ్యత పడుతుంది, కానీ ఆయన నుంచి నీకు వచ్చిన ఆస్తి మేరకే. నీ సొంత దుడ్డు, నీ పుట్టింటి బంగారం దాంట్లోకి రావు. నువ్వు ఏ కాగితం మీదా సంతకం పెట్టి ఉండకపోతేనే ఈ మాట. ఆయన పోయినాక వాళ్లు చేసిన అప్పులకు నీకు సంబంధం లేదు.

ఫర్మ్ రిజిస్టర్ కాకపోయినా, రద్దయిన ఫర్మ్ లెక్కల కోసం దావా వేయడానికి అడ్డు లేదు. కానీ దానికి గడువు మూడేళ్లు. ఆయన పోయిన రోజు నుంచి లెక్క. ఇప్పటికే ఒక ఏడు దగ్గరపడింది.

కోర్టుకు పోకముందు ఆ ముగ్గురినీ పిలిచి కూర్చోమన్నాం. ఈ మెసేజ్ వాళ్లకూ పంపమన్నాం. వాళ్లకు కూడా ఇది మేలే. ఇంకా ముగ్గురే ఉన్నారు, ఇంకా ఏ కాగితమూ లేదు. రేపు వాళ్లలో ఒకరి ఇంట్లో ఇదే ప్రశ్న రావచ్చు.

ఆ ముగ్గురూ ఆమెతో కూర్చున్నారు. లెక్క ఇంకా తేలలేదు. నోటుబుక్కు మాత్రం ఇప్పుడు బల్ల మీద ఉంది.

మీ చాకీ కేంద్రం, మీ రీలింగ్ యూనిట్ ఏ రకంలో ఉందో ఈ వారం ఒకసారి చూసుకోండి. సందేహం ఉంటే వాయిస్ పంపండి. పేర్లు చెప్పకుండా వచ్చే సంచికలో జవాబు రాస్తాం. ఒక మాట: మేము వకీళ్లం కాదు, రైతులమే. సంతకం పెట్టే ముందు మీ ఊరి వకీలును, ఆడిటరును ఒక్కసారి అడగండి. ఆ ఫీజు ఒక లాటు గూళ్ల కంటే తక్కువే.

వచ్చే వారం ఎండాకాలంలో షెడ్డు చల్లగా ఉంచుకోవడం గురించి. అందాక సెలవు.